ట్రాక్టరు టైర్లలో ఏం నింపాలి: నీళ్ళా, ఉప్పు ద్రావణమా, మొలాసిస్సా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. నాకు 42 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ఉంది. వెనక టైర్లు 13.6-28 సైజువి, ట్యూబులున్నవి. సొంతానికి నాలుగెకరాల గరువు (మెట్ట నేల), రెండెకరాల పల్లం ఉన్నాయి. మిగతా రోజుల్లో కిరాయికి దున్నుతాను, తొట్టి తగిలించి ఇటుక, చెరకు తోలుతాను. వేసవి వానలు పడ్డాక గరువులో తొమ్మిది కర్రుల కల్టివేటరు దించితే వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. టైర్లలో బరువు నింపమని అందరూ చెబుతున్నారు గానీ, ఏది నింపాలన్న దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో మాట. మంచినీళ్ళు చాలని మెకానిక్కు అంటున్నాడు. నీళ్ళకంటే బరువని కాల్షియం క్లోరైడు అనే లవణం కలపమని పక్క ఊరి రైతు అంటున్నాడు. విదేశాల్లో చక్కెర దుంప రసం నింపుతున్నారని మా అబ్బాయి వీడియోలో చూశాడట, అలాగైతే మన వైపు దొరికే చెరకు మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే పాకం) పనికిరాదా అని అడుగుతున్నాడు. భీమిలి దగ్గరే కాబట్టి సముద్రపు నీరు పట్టుకొచ్చి పోస్తే సరి అన్నవారూ ఉన్నారు. శీతాకాలంలో ఒకటి రెండుసార్లు కిరాయికి చింతపల్లి వైపు వెళ్తాను, అక్కడి చలికి నీళ్ళు గడ్డకట్టి టైరు పగులుతుందేమోనన్న భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ మెకానిక్కు చెప్పిందే సరైన మాట. మీ నేలకు, మీ పనులకు, మన వాతావరణానికి మంచినీళ్ళను మించిన ద్రవం లేదు. అయితే ఆయన చెప్పని సంగతి ఒకటుంది. ఏ ద్రవం పోయాలన్నదానికంటే ఎంత పోయాలి, ఏ నెలలో ఉంచాలి, ఏ నెలలో తీసేయాలి అన్నది మీకు ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే ఒకే ట్రాక్టరుతో మెట్ట దుక్కి, పల్లపు దమ్ము (ఊడుపులకు బురద చేయడం), రోడ్డు మీద తోలకం మూడూ చేస్తున్నారు, ఈ మూడింటికీ కావలసిన బరువు ఒకటి కాదు.

నీళ్ళు ఉండగా ఇన్ని రకాల ద్రవాలు ఎందుకు పుట్టాయో ముందు చూద్దాం. మంచు కురిసే దేశాల్లో నెలల తరబడి ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువన ఉంటుంది కాబట్టి టైర్లలో నీరు రాయిలా గడ్డకడుతుంది. ఆ గడ్డతో బండి కదిలిస్తే ట్యూబు నలిగిపోతుంది. అందుకోసం అక్కడి రైతులు గడ్డకట్టని ద్రవాలను వెతుక్కున్నారు. కాల్షియం క్లోరైడు ద్రావణం, చక్కెర దుంప నుంచి చక్కెర తీయగా మిగిలిన చిక్కని రసం, కారు అద్దాలు కడిగే మిథనాల్ ద్రవం, ఇంజను కూలెంటు, ఇవన్నీ మొదట చలికి పరిష్కారంగా వాడుకలోకి వచ్చినవే. వాటిలో కొన్ని నీటికంటే బరువైనవి కావడం అదనపు లాభం. విశాఖ తీరంలో ఆ చలి ఏనాడూ లేదు. లేని చలికి మందు కొని, దానితో వచ్చే తుప్పును కూడా కొనితెచ్చుకోవడం దండగ.

ఇక ఒక్కొక్కటీ ఎంత బరువు తెస్తుందో లెక్క చూడండి. 13.6-28 టైరులో చక్రం తిప్పి వాల్వు పై భాగానికి తెచ్చి, నీరు వాల్వు మట్టం వరకు నింపితే, అంటే టైరు లోపలి చోటులో సుమారు నాలుగింట మూడు వంతులు నింపితే, దాదాపు 170 నుంచి 180 లీటర్లు పడుతుంది. తయారీదారును బట్టి కొద్దిగా తేడా ఉంటుంది కనుక టైరు కంపెనీ ఇచ్చే పట్టికను ఒకసారి చూడండి. లెక్క సులువుగా ఉండేందుకు 175 లీటర్లు అనుకుందాం. మంచినీళ్ళయితే ఒక చక్రానికి 175 కిలోలు, రెండు చక్రాలకు 350 కిలోలు. మీ తరగతి ట్రాక్టరు ఒట్టి బరువు రెండు టన్నుల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి, ఆరింట ఒక వంతు బరువు ఒక్కసారిగా వెనక ఇరుసు దగ్గర చేరినట్టు. ఇది చిన్న మార్పు కాదు.

సముద్రపు నీరు లీటరు 1.025 కిలోలు తూగుతుంది. అంటే మీరు భీమిలి దాకా ట్యాంకరు తోలుకెళ్ళి తెచ్చినా ఒక్కో చక్రానికి అదనంగా వచ్చేది నాలుగు కిలోల పైచిలుకు మాత్రమే, డ్రైవరు సీటు కింద పానాల పెట్టె మార్చినా అంత తేడా వస్తుంది. ఆ నాలుగు కిలోల కోసం రిమ్ములోకి ఉప్పు ఎక్కించడం పూర్తిగా అర్థంలేని పని. తీరానికి దగ్గరున్న గ్రామాల్లో కొన్ని బోర్లలో ఉప్పునీరు పడుతుంది, ఆ నీరు కూడా పోయకండి. మంచినీళ్ళు అన్నానంటే నాలుకకు ఉప్పు తగలని నీళ్ళనే నా ఉద్దేశం.

కాల్షియం క్లోరైడు విషయంలో మీ పక్క ఊరి రైతు పూర్తిగా తప్పు చెప్పలేదు, ఆ ద్రావణం నిజంగానే బరువైనది. బరువు లెక్కన 30 శాతం ఉప్పు ఉన్న ద్రావణం లీటరు 1.28 కిలోలు తూగుతుంది. మీ టైరులో 175 లీటర్లు పోస్తే 224 కిలోలు, అంటే నీళ్ళకంటే చక్రానికి 49 కిలోలు ఎక్కువ. దీనికి మీరు చెల్లించే మూల్యం మాత్రం ఈ లాభంతో పొంతన లేనిది. ఆ లవణం ఇనుమును తినేస్తుంది. పైగా గాలిలోని తేమను తనలోకి లాక్కునే గుణం దానిది, అందువల్ల వాల్వు మొదట్లో ఒక్క చుక్క కారినా ఆ చోటు ఎప్పటికీ ఆరదు, రంగు కింద నుంచి రిమ్ము పొలుసులుగా రాలిపోతుంది. ఇప్పటికే ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో ఇనుప సామాను ఎంత త్వరగా తుప్పు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ట్యూబు ఉన్నంతకాలం ద్రావణం రిమ్మును తాకదని కొందరు వాదిస్తారు. ఆ మాట ట్యూబుకు పంక్చరు పడేంతవరకే నిజం, తుమ్మ ముల్లు దొరకని పొలం మన వైపు ఎక్కడుంది? పంక్చరు పడిననాడు ఆ ద్రావణం మీ పొలంలోనే కారుతుంది, కారిన చోట పైరు మాడిపోతుంది. ఆ 49 కిలోలు మీకు నిజంగా కావాలంటే చక్రానికి బిగించే పోత ఇనుము ప్లేటు ఒకటి కొనుక్కోండి. దాని బరువు దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, అవసరం లేనప్పుడు నాలుగు బోల్టులు విప్పి పక్కన పెట్టవచ్చు, అమ్ముకున్నా డబ్బు వస్తుంది.

మీ అబ్బాయి అడిగిన మొలాసిస్ ప్రశ్న నాకు బాగా నచ్చింది, అందుకే దానికి కొంచెం వివరంగా జవాబు చెబుతాను. విదేశాల్లో వాడే చక్కెర దుంప రసం లీటరు దాదాపు 1.3 కిలోలు తూగుతుంది, ఇనుమును తినదు, గడ్డకట్టదు. అనకాపల్లి, చోడవరం వైపు చెరకు పండించే మన వాళ్ళకు అది చూడగానే మొలాసిస్ గుర్తుకు రావడం సహజమే, పైగా మొలాసిస్ లీటరు 1.4 కిలోల దాకా తూగుతుంది కనుక చూపుకు ఇంకా లాభంగా కనిపిస్తుంది. కానీ రెండూ ఒకటి కావు. టైర్లకు అమ్మే దుంప రసం చక్కెర చాలావరకు తీసేసి, ఆ పనికోసమే సిద్ధం చేసిన సరుకు. మన చక్కెర కర్మాగారాల మొలాసిస్‌లో దాదాపు సగం చక్కెరే ఉంటుంది. చిక్కగా ఉన్నంతకాలం అది నిలవ ఉంటుంది గానీ, పోయడానికి వీలుగా నీళ్ళు కలిపిన మరుక్షణం నుంచి పులియడం మొదలవుతుంది, సారాయి బట్టీల్లో దానితో చేసేది అదే కదా. పులిస్తే కార్బన్ డయాక్సైడు వాయువు పుడుతుంది, మూసి ఉన్న ట్యూబులో ఆ వాయువు ఒత్తిడిగా మారుతుంది, మీరు కొట్టిన గాలి ఎంత, పులుపు పెంచిన గాలి ఎంత అన్నది మీ చేతిలో ఉండదు. పులిసిన ద్రవం ఆమ్లగుణం పొందుతుంది కాబట్టి తుప్పు సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. పోనీ నీళ్ళు కలపకుండా పోద్దామంటే అంత చిక్కని పాకం వాల్వు సందులోంచి లోపలికి పోదు, పోయినా మళ్ళీ బయటికి రాదు. వీటన్నిటికీ తోడు మొలాసిస్ నిల్వ, రవాణాల మీద ఎక్సైజు శాఖ అదుపు ఉంటుంది, డ్రమ్ముల్లో పట్టుకెళ్ళి టైర్లలో పోసుకుంటామంటే ఒప్పుకొనే సరుకు కాదు. మీ అబ్బాయికి నా తరఫున చెప్పండి, ఆలోచన మంచిదే, సరుకే వేరు.

కూలెంటు సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్పక మానరు. ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన కూలెంటు తియ్యగా ఉంటుంది, విషం. టైరు కారి పశువుల శాల ముందు మడుగు కట్టిందంటే దూడ నాలుక పెడుతుంది. మిథనాల్ ద్రవం నీటికంటే తేలిక, పైగా మండే గుణం ఉన్నది. టైర్లలో నురుగు నింపి గట్టిపరిచే పద్ధతి గనుల్లో, చెత్త యార్డుల్లో తిరిగే యంత్రాలకు సరిపోతుంది, రైతుకు కాదు.

చింతపల్లి చలి గురించి మీ భయం సబబైనదే, కానీ లెక్క వేస్తే భయం తగ్గుతుంది. లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు చేరడం నిజమే, గడ్డి మీద మంచు పేరుకోవడమూ నిజమే. అయితే సున్నా డిగ్రీలకు చేరిన నీరు గడ్డగా మారాలంటే ఇంకా కోల్పోవలసిన వేడి చాలా ఎక్కువ, అదే నీటిని 80 డిగ్రీల మేర చల్లార్చడానికి సరిపడినంత. గడ్డి మీది పలుచని మంచు పొర సంగతి వేరు, మందపాటి రబ్బరు లోపలున్న 175 లీటర్ల సంగతి వేరు. కొద్ది గంటల చలిలో అంత నీరు గడ్డకట్టదు, తొమ్మిది గంటలయ్యేసరికి అక్కడ కూడా ఎండ కాస్తుంది. ఒకవేళ కొంత గడ్డకట్టిందనుకున్నా, నీరు గడ్డకడితే పెరిగే పరిమాణం తొమ్మిది శాతం మాత్రమే, టైరులో నాలుగో వంతు గాలి ఉంటుంది కనుక టైరు పగిలే ప్రశ్న లేదు.

ఇంతవరకు ఏది పోయాలన్నది చెప్పాను. అసలు పోయాలా అన్నది ఇంకా తేలలేదు. మీ చక్రాలు జారడానికి బరువు చాలకపోవడమే కారణమని మీరు నిర్ధారణకు వచ్చేశారు, నాకు ఆ నమ్మకం ఇంకా కుదరలేదు. మీరు తొట్టి తోలకం చేస్తారు కాబట్టి వెనక టైర్లలో గాలి ఎక్కువగా ఉంచే అలవాటు ఉండవచ్చు, రోడ్డు మీద అది అవసరమే. అదే గాలితో పొలంలో దిగితే టైరు ఉబ్బి, నడిమి భాగమే నేలను తాకుతుంది, లగ్గుల (టైరు మీద ఎత్తుగా ఉండే రబ్బరు పట్టీల) చివర్లు గాలిలో ఉంటాయి. పొలం పనికి వెనక టైర్లలో 12 నుంచి 14 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకంలో మీ బండికి చెప్పిన అంకె చూసి దాన్నే పాటించండి. రెండోది, లగ్గులు ఎంత అరిగాయో చూడండి. బోడి టైరుకు ఎన్ని కిలోల బరువు ఎక్కించినా ఎర్రమట్టి తడిసినప్పుడు అది జారక మానదు. మూడోది డ్రాఫ్టు లీవరు. హైడ్రాలిక్ దగ్గర ఉండే రెండు లీవర్లలో మన డ్రైవర్లు ఒకదాన్నే ముట్టుకుంటారు, రెండోది కొన్న రోజు ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. డ్రాఫ్టు లీవరు సరిగా పెడితే కర్రులకు నేల అడ్డం తగిలినప్పుడు హైడ్రాలిక్ పనిముట్టును కాస్త పైకి లాగి, పనిముట్టు బరువును, నేల దాన్ని కిందికి లాగే బలాన్ని కొంత వెనక చక్రాల మీదికి మారుస్తుంది. ఈ బరువు ఖర్చులేనిది, దించగానే వచ్చి ఎత్తగానే పోయేది. వెనక చక్రాలకు దీనికంటే మంచి బరువు లేదు.

ఈ మూడూ సరిచేసుకున్నాక జారుడు ఎంతుందో కొలవండి. దీనికి సుద్దముక్క చాలు. వెనక టైరు పక్కన ఒక గీత గీసి, కల్టివేటరు మామూలు లోతుకు దించి, టైరు సరిగ్గా పది చుట్లు తిరిగేవరకు దున్నండి. మొదలుపెట్టిన చోట, ఆగిన చోట పుల్లలు పాతండి. తర్వాత కల్టివేటరు ఎత్తి, ఆ పక్కనే దున్నని నేల మీద, అదే దూరం అదే గేరులో నడుపుతూ టైరు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. తొమ్మిది చుట్లు వస్తే పది శాతం జారుడు, ఎనిమిది వస్తే ఇరవై శాతం. మీలాంటి టూ వీల్ డ్రైవ్ బండికి మెట్ట దుక్కిలో 10 నుంచి 15 శాతం జారుడు ఆరోగ్యకరమైనది. అసలు జారకుండా చేయాలని చూడకండి. ఎనిమిది శాతం కంటే తగ్గిందంటే బరువు మితిమీరిందని అర్థం, ఆ అదనపు బరువును ఈ చివర నుంచి ఆ చివరకు మోయడానికి డీజిలు కాలుతుంది, గేర్లు, ఇరుసులు శ్రమ పడతాయి, కింద నేల గట్టిపడుతుంది. కొలత వద్దనుకునేవారికి టైరు జాడ చూసినా కొంత తెలుస్తుంది. లగ్గుల ముద్ర అచ్చుపోసినట్టు స్పష్టంగా పడితే బరువు ఎక్కువ, ముద్రే కనిపించకుండా మట్టి అంతా చెరిగిపోతే బరువు తక్కువ. లగ్గుల ముద్ర కనబడుతూ, వాటి మధ్య మట్టి కొద్దిగా కదిలి చెదిరినట్టుంటే సరిపోయినట్టు.

మీరు రాసినదాన్ని బట్టి చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి కాబట్టి జారుడు ఇరవై దాటే ఉంటుందని, నీళ్ళు పోయక తప్పదని అనుకుంటాను. అలాగైతే మొదట పూర్తిగా నింపకండి. వాల్వును పై భాగానికి తెస్తే 75 శాతం నిండుతుందని చెప్పాను. వాల్వును గడియారంలో మూడు అంకె ఉండే చోటికి తెచ్చి ఆ మట్టం వరకే నింపితే సగం నిండుతుంది, నాలుగు అంకె దగ్గరైతే సుమారు 40 శాతం. ముందు సగం వరకు నింపి, మళ్ళీ సుద్దముక్కతో కొలిచి, చాలకపోతే పైకి పొండి. రెండు చక్రాల్లోనూ నీటి మట్టం ఒకటే ఉండాలి. 75 శాతం దాటి ఎన్నడూ నింపవద్దు. నీరు నలగదు, నలిగేది గాలి మాత్రమే, ఆ గాలి చోటు లేకపోతే గట్టు ఎక్కినప్పుడు, రాయి తగిలినప్పుడు ఆ దెబ్బంతా టైరు లోపలి దారాల మీద పడుతుంది. మీ ట్రాక్టరు పుస్తకంలో నీటి బలాస్టుకు (అదనపు బరువుకు) హద్దు రాసి ఉంటే అదే మీ హద్దు. మీవి బయాస్ టైర్లయి (లోపలి దారాలు ఏటవాలుగా అల్లినవి) ఉంటాయి కనుక ఈ లెక్క చెప్పాను, రేడియల్ టైర్లయితే (దారాలు నేరుగా అడ్డంగా వేసినవి) 40 శాతం దాటనివ్వరు, కొన్ని కంపెనీలు అసలు వద్దంటాయి. ట్యూబులెస్ టైర్లలో నీరు నేరుగా రిమ్మును తాకుతుంది కాబట్టి వాటికి ఇనుప ప్లేట్లే మేలు.

నింపే పని పంక్చరు షాపులో చేయించవచ్చు, ఇంటి దగ్గరా చేయవచ్చు. బండిని గట్టి చదును నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక ఇరుసు కింద జాకీతో చక్రం నేలను విడిచేలా ఎత్తి, కింద దిమ్మ పెట్టండి, ఒట్టి జాకీని నమ్మవద్దు. చక్రం నేల మీద ఉండగా నింపితే టైరు నొక్కుకుపోయి నీటి మట్టం తప్పు చూపిస్తుంది. ట్రాక్టరు వెనక ట్యూబులకు సాధారణంగా గాలికీ నీళ్ళకూ పనికొచ్చే వాల్వు ఉంటుంది, లోపలి వాల్వు పిన్నుతో పాటు దాన్ని పట్టుకున్న గుబ్బ కూడా విప్పితే పెద్ద రంధ్రం వస్తుంది. ఆ రంధ్రానికి బిగించే నీళ్ళ నోజిలు సామాన్ల షాపులో దొరుకుతుంది, నీరు పోతుంటే లోపలి గాలి పక్కనుంచి బయటికి వచ్చే ఏర్పాటు దానికి ఉండాలి. అది లేకపోతే మధ్యమధ్య పైపు తీసి గాలి వదలాలి, పని అవుతుంది గానీ ఆలస్యం. మేడ మీది ట్యాంకు నుంచి పైపు వేస్తే ఆ ఎత్తు చాలు, మోటారు పెట్టి ఒత్తిడితో కొట్టవద్దు. వాల్వు నుంచి నీరు కారడం మొదలైతే కోరిన మట్టం వచ్చినట్టు. పిన్ను బిగించి, వాల్వును మళ్ళీ పైకి తిప్పి, అప్పుడు గాలి కొట్టండి.

గాలి కొలిచేటప్పుడు కూడా వాల్వు పైనే ఉండాలి. కింద ఉంటే నీటి ఎత్తు వల్ల మీటరు ఒక పీఎస్‌ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది, పైగా మామూలు మీటరులోకి నీరు దూరి అది పాడవుతుంది. 75 శాతం నింపిన టైరులో గాలి చోటు చిన్నది కాబట్టి కొంచెం గాలి తగ్గినా ఒత్తిడి గబుక్కున పడిపోతుంది, ఇదివరకు నెలకోసారి చూసేవారైతే ఇప్పుడు వారం వారం చూడండి.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన మాట చెబుతాను. నీళ్ళు పోశాక ట్రాక్టరు ముందు లేవడం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. వెనక చక్రాల్లోని నీటి బరువు సరిగ్గా వెనక ఇరుసు కిందే ఉంటుంది, ముందు భాగాన్ని నేలకు అదిమి ఉంచడానికి అది ఏమాత్రం సాయపడదు. ఇంతకాలం మీ బండి ముందు లేవకుండా కాపాడింది వెనక చక్రాల జారుడే, ఎక్కువ లాగవలసి వచ్చినప్పుడు చక్రాలు తిరిగిపోయేవి, బండి బతికిపోయేది. ఆ జారుడును మీరు తగ్గించాక, అదే లాగుడుకు చక్రం జారదు, ముక్కు లేస్తుంది. చెరకు తొట్టితో గట్టెక్కేటప్పుడు, ఇటుక లోడుతో అనంతగిరి లాంటి ఘాటు ఎక్కేటప్పుడు ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. కాబట్టి వెనక నీళ్ళు పోసేవారు ముందు బంపరుకు ఇనుప వెయిట్లు తప్పక బిగించుకోవాలి. పనిముట్టు ఎత్తి ఉన్నప్పుడు కూడా మొత్తం బరువులో అయిదో వంతుకు తగ్గకుండా ముందు చక్రాల మీద ఉండాలి, లేకపోతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. మీ ఊరి దారిలో వే బ్రిడ్జి ఏదైనా ఉంటే ముందు చక్రాలను మాత్రమే దాని మీదికి ఎక్కించి తూకం వేయించండి, అంచనాల పని ఉండదు. తొట్టిని ఎప్పుడూ కింది హుక్కుకే తగిలించండి, దిగబడిన బండిని లాగడానికి గొలుసును టాప్ లింకు (పనిముట్టును పైభాగాన పట్టి ఉంచే కడ్డీ) దగ్గర కట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానండి.

పల్లపు రెండెకరాల సంగతి వేరుగా చూడాలి. ఊడుపులకు దమ్ము చేసేనాటికి టైర్లలో నీళ్ళు ఉండకూడదు. బురదలో పట్టునిచ్చేది బరువు కాదు, దమ్ము చక్రాల ఇనుప రేకులు. 350 కిలోల అదనపు బరువుతో బురదలో దిగితే బండి మరింత లోతుకు దిగబడుతుంది, దున్నే పొర కింది నేల అవసరానికి మించి గట్టిపడుతుంది, తర్వాత ఆ మడిలో మినుము, పెసర చల్లినా వేరు కిందికి దిగదు. నీళ్ళను ఎంచుకోవడంలో నాకు కనిపించే అతి పెద్ద లాభం ఇక్కడే ఉంది. జులైలో గరువు పని కాగానే పొలం గట్టు మీదే వాల్వును కిందికి తిప్పి పిన్ను తీస్తే నీరు దానంతటదే పోతుంది, పోయిన నీరు ఎవరికీ హాని చేయదు, మళ్ళీ అవసరమైనప్పుడు పైసా ఖర్చు లేకుండా నింపుకోవచ్చు. కాల్షియం క్లోరైడు గానీ మరొకటి గానీ అయితే పోసిన డబ్బు గుర్తొచ్చి తీయబుద్ధి కాదు, ఆ బరువుతోనే దమ్ములో దిగుతారు. వాల్వు మట్టం కింద కొంత నీరు మిగిలిపోతుంది, దాన్ని కూడా తీయాలంటే సన్నని గొట్టం లోపలికి దూర్చి పైనుంచి గాలి కొట్టే నోజిలు వాడాలి, రెండెకరాల దమ్ముకు అంత శ్రమ అక్కరలేదు. మీరు టైర్లు తీసి పూర్తి దమ్ము చక్రాలే బిగించేవారైతే నీళ్ళ ప్రశ్నే రాదు, కానీ నీళ్ళున్న టైరును విప్పి దొర్లించడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదని గుర్తుంచుకోండి.

అదే కారణంతో పంక్చరు పడ్డప్పుడు షాపువాడికి ముందే చెప్పాలి. రిమ్ముతో, నీళ్ళతో కలిపి ఆ చక్రం బరువు 300 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, తెలియక విప్పినవాడి మీదికి ఒరిగితే కాలు విరుగుతుంది. రిమ్ము మీద తెల్ల రంగుతో నీళ్ళున్నాయని రాయించండి, మీరు లేనప్పుడు డ్రైవరు తీసుకెళ్ళినా అది పనికొస్తుంది. వాల్వు రంధ్రం చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే ఎక్కడో చెమ్మ కారుతోందని అర్థం, ట్యూబు తీసి రిమ్మును గీకి రంగు వేయించండి. రిమ్ముకు వెల్డింగు అవసరమైతే టైరు, ట్యూబు పూర్తిగా తీసేశాకే చేయించాలి. టైరు ఉండగా వెల్డింగు చేస్తే లోపల నీళ్ళున్నా, గాలి తీసేసినా, వేడికి రబ్బరు నుంచి పుట్టిన వాయువులతో టైరు పేలవచ్చు.

మీ వరస ఇలా పెట్టుకోమంటాను. ఈసారి తొలకరికి ముందు గాలి, లగ్గులు, డ్రాఫ్టు లీవరు సరిచూసి సుద్దముక్కతో ఒకసారి కొలవండి. జారుడు 15 దాటితే ముందు వెయిట్లు బిగించి, వెనక సగం వరకు నీళ్ళు పోసి మళ్ళీ కొలవండి. అప్పటికీ 15 దాటితేనే 75 శాతానికి వెళ్ళండి. దమ్ముకు ముందు తీసేయండి. చెరకు తోలకం మొదలయ్యాక లోడు రోడ్డు మీదే తప్ప పొలంలోంచి లాగవలసిన పని లేకపోతే నీళ్ళు లేకుండానే నడపండి, పొలంలోంచే లోడు లాగుతుంటే సగం ఉంచండి. చింతపల్లికి ఆ సగం నీళ్ళతోనే వెళ్ళవచ్చు.

అంతా చేసినా జారుడు 20 దగ్గరే ఆగితే ఇంకా బరువు వెతకకండి. తొమ్మిది కర్రుల్లో రెండు చివర్లవి ఒక్కొక్కటి విప్పేసి ఏడింటితో దున్నండి, లేదా తడి ఇంకో రోజు ఆరనివ్వండి.